తీగ ముందా, బండి ముందా? కొత్త ఈవీల డిజైన్ మీద మా నాన్న వేసిన ప్రశ్న

వెనకాల బస్సుల సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అయిపోండి. ఇవాళ స్టూడియో లేదు, లైట్లు లేవు. ఓయూ క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా గట్టు మీద కూర్చుని మాట్లాడుతున్నా. టైమ్ పొద్దున ఆరున్నర. వాకింగ్‌కొచ్చిన అంకుల్ ఒకాయన ఇప్పటికే రెండుసార్లు ఆగి, "ఏం షూటింగ్ బాబూ?" అని అడిగి వెళ్ళారు. కార్ల గురించి అంకుల్ అని చెప్పా. "కారేది మరి?" అన్నారు. ఈ ఎపిసోడ్ మొత్తం అదే. కారేది మరి?

కొన్ని నెలల నుంచి మీరందరూ అడుగుతున్నది ఒకటే. "అన్నా, కొత్త ఈవీల డిజైన్ల మీద నీ ఒపీనియన్ ఏంటి? ఇప్పుడు ఈవీ తీసుకోవచ్చా, ఆగాలా?" నేను కావాలనే లేట్ చేశా. ఎందుకంటే ఈసారి రివ్యూ కోసం కాదు, నిజంగానే కొనడానికి తిరిగా. అదీ నా డబ్బులతో కాదు, మా నాన్న రిటైర్మెంట్ డబ్బులతో. ఆ డబ్బుతో రిస్క్ తీసుకోవాలంటే నోట్లోంచి "వావ్" అంత ఈజీగా రాదు ఫ్రెండ్స్.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను బీటెక్, ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత ఉద్యోగం మానేసి ఈ కెమెరా ముందుకొచ్చా. పుట్టి పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. నిజాం కాలంలో, 1893లో పెట్టిన క్యారేజ్ వర్క్‌షాప్ మా దగ్గరే ఉంది. దాంతోపాటు ఎలక్ట్రిక్ లోకో షెడ్ ఉంది. నాన్న ఆ షెడ్‌లోనే టెక్నీషియన్‌గా చేసి నిరుడు రిటైర్ అయ్యారు. ఇప్పుడు తార్నాకలో ఫ్లాట్‌లో ఉంటున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. స్కూటర్ వెనక కూర్చోలేదు, ఆటో ఎక్కడం కష్టమే. అందుకే కారు. మా ఇంట్లో ఇదే మొదటి కారు.

ఎలక్ట్రిక్ అని పట్టుబట్టింది నేను. నాన్న వద్దనలేదు, ఎగిరి గంతెయ్యనూ లేదు. "25 వేల వోల్టుల కింద 30 ఏళ్ళు పని చేసినంరా. కరెంటు బండి మాకేం కొత్త?" అన్నారంతే.

సరే, డిజైన్‌తో మొదలుపెడదాం. ఈ కొత్త ఈవీలన్నీ ఎందుకిలా ఉన్నాయి?

పెట్రోల్ కారుకి ముందు అంత పొడుగు మూతి ఎందుకు? ఇంజన్ ఉంది కాబట్టి. గ్రిల్ ఎందుకు? రేడియేటర్‌కి గాలి కావాలి కాబట్టి. ఈవీలో మోటార్ పెద్ద పుచ్చకాయంత ఉంటుంది, ఎక్కడో ఓ మూల పెట్టెయ్యొచ్చు. గ్రిల్ మూసెయ్యొచ్చు. బ్యాటరీని నేల కింద పలకలాగా పరిచేస్తారు. చక్రాలు నాలుగూ మూలల్లోకి వెళ్ళిపోతాయి, మధ్యలో జాగా పెరుగుతుంది. అంటే వందేళ్ళ నుంచి ఇంజన్ చుట్టూ గీసిన బొమ్మని ఇప్పుడు డిజైనర్ మళ్ళీ తెల్ల కాగితం మీద గీసుకోవచ్చు. 2024 నవంబర్ 26న మహీంద్రా రెండు ఈవీలు దింపింది కదా, బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ. వాటి వెనకున్న డిజైన్ హెడ్ ప్రతాప్ బోస్. అంతకుముందు టాటాలో డిజైన్ టీమ్‌ని నడిపించింది కూడా ఆయనే. బీఈ 6 చూస్తే సైన్స్ ఫిక్షన్ సినిమాలోంచి దిగినట్టుంటుంది. నాకు నచ్చింది, దాచుకోను. రోడ్డు మీద పోతుంటే తల తిప్పి చూస్తా. మన దేశ కంపెనీ కారు అలా ఉండటం గర్వంగానే అనిపిస్తుంది.

కానీ నేల కింద బ్యాటరీ పెడితే ఒక లెక్క మారుతుంది. నేల పైకి లేస్తుంది. తల తగలకుండా ఉండాలంటే కప్పు కూడా లేవాలి. అప్పుడు కారు పక్కనుంచి బొద్దుగా కనిపిస్తుంది. ఆ బొద్దుతనం కనబడకుండా కింద నల్ల ప్లాస్టిక్ పట్టీ వేస్తారు, పెద్ద పెద్ద చక్రాలు పెడతారు. ఈసారి రోడ్డు మీద గమనించండి. ఇంకొకటి, నేల లేచిందిగానీ సీటు అంత లేవలేదనుకోండి, వెనక కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు పైకొస్తాయి. తొడల కింద సపోర్ట్ ఉండదు. అరగంట టెస్ట్ డ్రైవ్‌లో, అదీ ముందు సీట్లో కూర్చుని చేస్తే ఇది తెలీదు.

తర్వాత ఆ వెనక్కి జారే కప్పు. టాటా కర్వ్, బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ, మూడింటిదీ అదే లైను. కూపే అంటారు. గాలిని సాఫీగా కోస్తుంది, రేంజ్ పెరుగుతుంది అని చెప్తారు. అబద్ధం కాదు. కానీ గాలి ఎదురు నెట్టే బలం స్పీడ్‌కి స్క్వేర్‌లో పెరుగుతుంది. 40లో వెళ్తున్న బండి మీద పడే బలం, 120లో వెళ్తే మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లవుతుంది. తిప్పి చెప్పుకుందాం. 158 కిలోమీటర్ల మన ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో పోయేవాడికి ఆ కప్పు పనికొస్తుంది. సాయంత్రం తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్ళేవాడికి దానివల్ల మిగిలేది చాలా తక్కువ. వెనక సీట్లో తల తగలడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇక్కడివరకూ ఇంజినీర్ మాటలు. ఇప్పుడు షోరూమ్‌కి వెళ్దాం. ఏ షోరూమ్, ఏ కారు అన్నది చెప్పను. ఎందుకంటే నేను చెప్పబోయేది ఒక కంపెనీ తప్పు కాదు, ఇప్పుడొస్తున్న చాలా కార్లకి ఉన్న అలవాటు.

ముగ్గురం వెళ్ళాం. కారు దగ్గరికెళ్ళగానే అమ్మ డోర్ తీద్దామని చెయ్యి చాపింది. హ్యాండిల్ లేదు. బాడీలో కలిసిపోయి ఉంది. ఒక వైపు నొక్కితే రెండో వైపు పైకి లేస్తుంది. అమ్మ రెండు చేతులతో నొక్కి చూసి, నా వైపు తిరిగి, "తాళం ఏసిండ్రేమోరా" అంది. సేల్స్ తమ్ముడు చాలా మర్యాదగా వచ్చి తీసి చూపించాడు. అమ్మ నవ్వేసింది గానీ నాకు నవ్వు రాలేదు. రాత్రిపూట ఆస్పత్రి దగ్గర, నేను పక్కన లేనప్పుడు, ఆ డోర్ ఆమే తియ్యాలి కదా.

నాన్న డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. ఏసీ బాగా చల్లగా ఉంది. "కొంచెం తగ్గిద్దాం, స్విచ్ ఏది?" అన్నారు. "స్క్రీన్‌లో ఉంటుంది సార్, లేకపోతే నోటితో చెప్పొచ్చు" అన్నాడా తమ్ముడు. నాన్న చాలా సీరియస్‌గా స్క్రీన్ వైపు చూసి, "ఏసీ తగ్గించమ్మా" అన్నారు. ఏమీ కాలేదు. మళ్ళీ అన్నారు, ఈసారి కొంచెం గట్టిగా. ఆఖరికి నేను వెనకనుంచి వంగి స్క్రీన్ మీద మూడు చోట్ల నొక్కితే తగ్గింది.

బయటికొచ్చాక నాన్న ఒక మాటన్నారు. "చీకట్ల చెయ్యి పెడితే దొరకాలెరా స్విచ్చు. కన్ను రోడ్డు మీదుంటది, చెయ్యి పని చేసుకపోవాలె. మా లోకోల గట్లనే ఉంటది."

నిజం చెప్పనా ఫ్రెండ్స్? ఆ మాట నాకు బాగా తగిలింది. ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇదే పని నేనూ చేశా. స్క్రీన్ మీద బటన్లు ఎక్కువయ్యాయంటే తీసుకెళ్ళి మెనూ లోపల పెట్టేవాళ్ళం. డెమోలో నీట్‌గా కనిపించేది, మేనేజర్ చప్పట్లు కొట్టేవాడు. రోజూ వాడేవాడు ఆ బటన్ కోసం ఎన్నిసార్లు వెతుక్కుంటున్నాడో డెమోలో కనిపించదు. కార్లలోనూ కథ ఇదే. 30 బటన్లు, వాటి వైర్లు, వాటి అచ్చులు పెట్టే ఖర్చు కన్నా ఒక పెద్ద స్క్రీన్ పెట్టడం కంపెనీకి సులువు. అమ్మేశాక కూడా అప్‌డేట్‌తో మార్చుకోవచ్చు. పైగా రీల్‌లో బ్రహ్మాండంగా కనిపిస్తుంది. తప్పెవరిదంటే నాలాంటోళ్ళది కూడా. స్క్రీన్ ఎంత పెద్దదైతే థంబ్‌నెయిల్ అంత బాగా వస్తుందని నాకు తెలుసు కదా.

ఇదేదో మా నాన్న ఒక్కడి గోల అనుకోకండి. యూరప్‌లో కార్లకి సేఫ్టీ స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ ఉంది కదా, వాళ్ళు 2026 నుంచి రూల్ మార్చారు. ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, ఎమర్జెన్సీ కాల్, ఈ ఐదింటికీ చేత్తో పట్టుకునే అసలు స్విచ్ ఉంటేనే మార్కులు పూర్తిగా పడతాయి. ఇక ఈవీల్లో ప్రపంచంలోనే ముందున్న చైనా, ఈ దాగుడుమూతల డోర్ హ్యాండిళ్ళ మీద 2025లో ముసాయిదా రూల్స్ తెచ్చింది. యాక్సిడెంట్ అయి కరెంట్ పోయినా తలుపు మామూలుగా చేత్తో తెరుచుకోవాలని వాటి సారాంశం. అంటే ప్రపంచం ఒక రౌండ్ కొట్టి మళ్ళీ బటన్ దగ్గరికి, హ్యాండిల్ దగ్గరికి వస్తోంది. మా అమ్మ ఐదు నిమిషాల్లో వచ్చేసింది.

సో, డిజైన్ మీద నా ఒపీనియన్ అడిగారు కాబట్టి చెప్తున్నా. కారు బయట ఎలా ఉందో చూసేది రోడ్డు మీదోళ్ళు. మనం చూసేది లోపల. మీ ఇంట్లో పెద్ద వయసున్న మనిషి ఎవరి సాయం లేకుండా ఎక్కి, కూర్చుని, ఏసీ తగ్గించుకుని, దిగగలిగితే అది మంచి డిజైన్. మిగతాదంతా పెయింటే.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు రివ్యూ అయిపోయేది. అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది.

షోరూమ్ నుంచి ఇంటికొస్తుంటే నాన్న అడిగారు. "అన్నీ బాగనే ఉన్నయ్. తీగ ఏడుంది?"

నాకు అర్థం కాలేదు. నాన్న చెప్పారు. రైల్వేలో కరెంటు ఇంజన్ రావాలంటే ముందు స్తంభాలు పాతుతారు, సబ్‌స్టేషన్ కడతారు, తీగ లాగుతారు, దాంట్లోకి 25 వేల వోల్టులు వదిలి పరీక్ష చేస్తారు. అన్నీ అయినాకే ఇంజన్ వస్తుంది. తీగ లేని పట్టా మీద వ్యాప్-7 తెచ్చి నిలబెడితే ఏమైతది? 6 వేల హార్స్‌పవర్ ఉన్న ఇనప డబ్బా, అంతే. మన దేశంలో మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడిచింది. అప్పటినుంచీ వరస అదే. తీగ ముందు, బండి తర్వాత.

మన ఊళ్ళోనే చూడండి. తార్నాక స్టేషన్ మీదుగా పోయే మెట్రో కూడా పైనున్న 25 వేల వోల్టుల తీగ మీదే నడుస్తుంది. 2019 మార్చిలో ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చింది, ఎయిర్‌పోర్ట్ రూట్‌లో తిరిగేవి. అవి రాత్రి ఎక్కడపడితే అక్కడ ఆగవు. మియాపూర్, కంటోన్మెంట్ డిపోల్లో చార్జింగ్ ఏర్పాటు చేసి మరీ దింపారు. అంటే వాటికీ తీగ ముందే.

మరి కార్లకి? బండి ముందు అమ్మేస్తున్నారు. తీగ సంగతి నువ్వు చూసుకో అంటున్నారు.

మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, 20 ఫ్లాట్లు. కింద సెల్లార్ పార్కింగ్. మా స్లాట్‌లో ప్లగ్ పాయింట్ లేదు. మా మీటర్ నుంచి ఒక లైన్ లాక్కుంటామని అసోసియేషన్‌కి అడిగా. కుదరదన్నారు. ఎందుకు సార్ అంటే, "ఇవాళ నువ్వడుగుతవ్, రేపు ఇంకొకరు అడుగుతరు" అన్నారు. నాకు మండింది. ఫోన్లో రూల్స్ తీసి చూపించా. ఇంటి కరెంటు కనెక్షన్ మీదే సొంత ఈవీని చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది. కొత్త బిల్డింగుల్లో పార్కింగ్‌లో 20 శాతం చార్జింగ్‌కి వీలుగా ఉండాలని 2019లో మోడల్ బిల్డింగ్ రూల్స్ మార్చారు. అన్నీ చదివి వినిపించా. ఎవరూ కదలలేదు. మా బిల్డింగ్ అంతకు చాలా ముందు కట్టింది. పైగా రూల్ చదివి వినిపిస్తే పక్కింటాయన మనసు మారదని నాకు 28 ఏళ్ళకి తెలిసింది.

ఆదివారం మీటింగ్ పెట్టారు. నేను పూర్తిగా గొడవకి రెడీ అయి వెళ్ళా. మూడో అంతస్తు ఆంటీ లేచి ఒకటే మాటన్నారు. "బాబూ, సికింద్రాబాద్‌ల జరిగింది మర్చిపోయినవా?"

నేను మర్చిపోలేదు. మీకూ గుర్తుండే ఉంటుంది. 2022 సెప్టెంబర్ 12 రాత్రి, సికింద్రాబాద్‌లో ఒక హోటల్. దాని సెల్లార్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్. అక్కడ మొదలైన మంట, పొగ మెట్ల మీదుగా పైకి ఎక్కి, పైన గదుల్లో ఉన్నవాళ్ళలో 8 మంది చనిపోయారు. మా ఇంటినుంచి బండి మీద పావుగంట దూరం.

నా దగ్గర జవాబు రెడీగా ఉంది. అది స్కూటర్లు ఆంటీ, ఇది కారు. ఇప్పుడొస్తున్న చాలా కార్లలో ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ, పాత రకం కన్నా వేడిని బాగా తట్టుకుంటుంది, రూల్స్ కూడా గట్టిగా మార్చారు అని మొదలుపెట్టబోయా. అన్నీ నిజాలే. నాన్న నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

ఆయన లేచి అన్నది ఇది. "అక్కయ్య చెప్పింది కరెక్టే. భయపడాల్సిందే. కరెంటుకి భయపడనోడు మా షెడ్‌ల ఎక్కువ రోజులు ఉండలే." తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశారు. దాని మీద మా సెల్లార్ బొమ్మ ఉంది. పెన్సిల్‌తో, స్కేల్ పెట్టి గీశారు. నాకు చెప్పనే లేదు.

ఆ కాగితంలో ఏముందంటే, మా స్లాట్ మెట్ల పక్కనే ఉంది. "ఈడ పెట్టొద్దు" అన్నారు నాన్న. పొగ వస్తే మెట్ల మీదుగానే పైకి పోతుంది, జనం దిగేది కూడా ఆ మెట్లే. ర్యాంప్ పక్కన, బయటి గాలి తగిలే చోట రెండు స్లాట్లున్నాయి. చార్జింగ్ పాయింట్ అక్కడ పెట్టాలి. ఏదైనా అయితే బండిని బయటికి లాగెయ్యొచ్చు, ఫైరింజన్ పైపు అందుతుంది. ఆ స్లాట్ ఉన్న అంకుల్‌తో మాట్లాడి స్లాట్ మార్చుకుంటాం. లైన్ మా సొంత మీటర్ నుంచే, విడిగా ఎంసీబీ, లీకేజీ అయితే టప్పున పడిపోయే ఆర్‌సీసీబీ, సొంత ఎర్తింగ్. పొడిగింపు బాక్సులు, వేలాడే వైర్లు ఎవరూ పెట్టొద్దు. మెయిన్ స్విచ్ వాచ్‌మన్ అన్నకి అందేలా ర్యాంప్ మీద. ఖర్చు మాదే.

ఇంకో లెక్క కూడా రాశారు, బిల్డింగ్ లోడ్ ఆగుతుందా లేదా అని. మాకు పెద్ద చార్జర్ అక్కర్లేదు, మామూలు 15 ఆంప్స్ పాయింట్ చాలు. అది లాగేది దాదాపు 3 కిలోవాట్లు. ఒక గీజర్, ఒక చిన్న ఏసీ కలిసి ఆడినంత. మేం రోజుకి తిరిగేది 30, 35 కిలోమీటర్లు. దానికి 6 యూనిట్లు. అంటే రెండున్నర గంటలు. రాత్రి అందరి ఏసీలూ తగ్గాక, రెండు గంటల తర్వాత పెడితే సరిపోతుంది. మా ఫ్లాట్‌కి లోడ్ పెంచమని కరెంట్ ఆఫీసులో అప్లై చేసుకుంటే అయిపోతుంది.

నేను ఐదేళ్ళు చేసిన ఏ ప్రజెంటేషన్ కూడా ఆ కాగితంలా లేదు. ఎదుటివాళ్ళ భయాన్ని నేను బగ్ అనుకున్నా. నాన్న దాన్ని రిక్వైర్‌మెంట్‌గా తీసుకున్నారు.

ఏమైందంటారా? సినిమాలోలా చప్పట్లేం కొట్టలేదు. ఆంటీ, "నాకింకా భయమే, కానీ మెట్ల దగ్గర కాకుంటే సరే" అన్నారు. అసోసియేషన్ మూడు షరతులు రాసుకుని ఒప్పుకుంది. ఇంకో సంగతి. మీటింగ్ అయ్యాక రెండో అంతస్తులో అద్దెకుండే డెలివరీ తమ్ముడు వచ్చి, "అంకుల్, నా స్కూటర్ కూడా అక్కడ పెట్టుకోవచ్చా?" అని అడిగాడు. ఇన్నాళ్ళూ రోజూ రాత్రి బ్యాటరీ పీకి, మోసుకుంటూ పైకెళ్ళి, గదిలో తను పడుకునే మంచం పక్కన చార్జింగ్ పెట్టుకుంటున్నాడట. ఆలోచించండి. మేం సెల్లార్‌లో మంట అని భయపడుతుంటే అసలు రిస్క్ రెండో అంతస్తులో, మూసిన గదిలో, మంచం పక్కన ఉంది. పాయింట్ ఇవ్వకపోతే ఈవీలు రావడం ఆగదు. కనిపించని చోటికి పోతాయి, అంతే. ఇప్పుడు రెండో స్లాట్‌లో స్కూటర్లకి ఒక పాయింట్, చిన్న సబ్‌మీటర్ పెట్టే మాట నడుస్తోంది. ఇంకా తేలలేదు. తేలితే చెప్తా.

ఇప్పుడు డబ్బుల లెక్క, క్విక్‌గా. పేపర్ తీసుకోండి.

నెలకి 1000 కిలోమీటర్లు అనుకుందాం. పెట్రోల్ లీటర్ 107 రూపాయలనుకుందాం. సిటీలో లీటర్‌కి 13 వస్తే నెలకి 8,200. ఈవీ, చార్జింగ్‌లో వేస్ట్ అయ్యేది కూడా కలిపి యూనిట్‌కి 6 కిలోమీటర్లు వేసుకుందాం. ఇంట్లో యూనిట్ 9 రూపాయలనుకుంటే నెలకి 1,500. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర 20 రూపాయలనుకుంటే 3,300. అంటే ఇంట్లో ప్లగ్ ఉన్నోడికి, లేనోడికి ఖర్చు డబుల్ కన్నా ఎక్కువ తేడా. ఒకటే కారు, ఒకటే బ్యాటరీ. పైగా లేనోడు వారానికి రెండుసార్లు చార్జర్ దగ్గర గంట కూర్చోవాలి.

రోడ్ ట్యాక్స్ సంగతి. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేశారు. 2026 డిసెంబర్ 31 వరకు. 18 లక్షల పెట్రోల్ కారు అయితే 17 శాతం, అంటే 3 లక్షల పైన ట్యాక్సే. అది మిగులుతుంది, చిన్న విషయం కాదు. కానీ డెడ్‌లైన్ చూసి కంగారుపడి, చార్జింగ్ ఎక్కడ అన్నది తేల్చుకోకుండా బుక్ చేసెయ్యకండి. ఆ 3 లక్షలు మిగుల్చుకుని, ఆ తర్వాత ఐదేళ్ళు రాత్రిపూట చార్జర్ వెతుక్కుంటూ తిరిగే ఫ్రెండ్ నాకున్నాడు... సరే, ఐదేళ్ళు ఇంకా కాలేదు, కానీ వాడి మొహం చూస్తే అలాగే ఉంది.

అందుకే "తీసుకోవచ్చా అన్నా" అని అడిగేవాళ్ళకి నా జవాబు మూడు ప్రశ్నలు.

ఒకటి. రాత్రి బండి ఆగే చోట మీ సొంత మీటర్ నుంచి పాయింట్ వస్తుందా? రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే బుకింగ్. సొంత ఇల్లు, గేటు లోపల పార్కింగ్ ఉంటే మీరు లక్కీ, కళ్ళు మూసుకుని ఆలోచించొచ్చు. అద్దె ఇల్లయితే ముందు ఓనర్‌తో మాట్లాడండి. రోడ్డు మీద పార్క్ చేసేవాళ్ళయితే, బాధగానే చెప్తున్నా, ఇంకొంచెం ఆగండి.

రెండు. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి. సేల్స్‌వాళ్ళని సాయం చెయ్యొద్దనండి. డోర్ తియ్యడం, కూర్చోవడం, సీట్ బెల్ట్, ఏసీ, దిగడం. వెనక సీట్లో అరగంట కూర్చోబెట్టండి. వాళ్ళ మొహమే రివ్యూ.

మూడు. కంపెనీ చెప్పే రేంజ్ పక్కన పెట్టి, ఫుల్ ఏసీతో, మే నెల ఎండలో, మీ ఇంటి నుంచి మీ సొంతూరు ఒక్క చార్జ్‌తో వస్తుందా చూడండి. మాది నల్గొండ దగ్గర, రానూపోనూ 200 దాటుతుంది. దారిలో చార్జర్ ఉందా అన్నది యాప్‌లో చూడటం కాదు, ఒకసారి వెళ్ళి చూసి రండి.

మరి మేం ఏది కొన్నామంటారా? ఇంకా కొనలేదు. అంకుల్ అడిగింది కరెక్టే, కారు లేదు. నాకు నచ్చిన ఆ సైన్స్ ఫిక్షన్ కారు మా లిస్ట్‌లోంచి పోయింది. కొంచెం బాధగానే ఉంది. లిస్ట్‌లో ఇప్పుడు రెండు ఉన్నాయి. రెండూ చూడ్డానికి డబ్బాలాగా ఉంటాయి. నిటారు కప్పు, పెద్ద తలుపులు, ఏసీకి తిప్పే బటన్. అమ్మ ఎక్కి కూర్చుని, "ఇది బాగుంది, బస్సు లెక్క ఉంది" అంది. అంతకన్నా ఫైవ్ స్టార్ రేటింగ్ నాకు తెలీదు.

కానీ పాయింట్ మాత్రం వచ్చేసింది ఫ్రెండ్స్. మొన్న ఎలక్ట్రీషియన్ వచ్చి ర్యాంప్ పక్కన గోడకి బిగించాడు. నాన్న పక్కనే నిలబడి ఎర్తింగ్ రెండుసార్లు చెక్ చేయించారు. అయ్యాక ఏం చేశారో తెలుసా? టేబుల్ ల్యాంప్ తెచ్చి ప్లగ్‌లో పెట్టి, వెలిగించి, కాసేపు చూసి, ఆర్పేసి, "తీగ వచ్చింది. ఇగ బండి తెచ్చుకో" అని పైకి వెళ్ళిపోయారు.

ఖాళీ స్లాట్, గోడకి ఒక ప్లగ్. వచ్చేవారం ఫైనల్ టెస్ట్ డ్రైవ్. అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నల్గొండ వెళ్ళొస్తాం. అక్కడినుంచే మాట్లాడతా. మీ అపార్ట్‌మెంట్‌లో పాయింట్ కోసం ఏం చేశారో, ఎవరు ఏమన్నారో రాసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని చదువుతా. ఎవరైనా వద్దంటే వాళ్ళతో గొడవపడకండి. ముందు ఒక కాగితం, పెన్సిల్ తీసుకుని మీ సెల్లార్ బొమ్మ గీయండి.

ఉంటాను. అంకుల్ మూడో రౌండ్ కొట్టి మళ్ళీ వస్తున్నారు, ఇక లేవాలి. నమస్తే.